పాలు చాలట్లేదేమో అని భయపడే కొత్త తల్లులకి

నాకు మొదటి కాన్పు సిజేరియన్. రెండో రోజు సాయంత్రం చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకావిడ బాబు ఏడుపు విని "పాలు పడ్డాయా అసలు?" అనింది, అంతే, ఆ ఒక్క ముక్క నెల రోజులు నా బుర్ర తినేసింది. ఈలోపు నర్సమ్మ నన్ను అడక్కుండానే డబ్బా పాలు కలిపి పట్టేసింది, వాడు హాయిగా పడుకున్నాడు, అందరూ "చూశావా, ఆకలే" అన్నారు. రెండో కాన్పుకి కాస్త తెలివొచ్చింది కాబట్టి తెలిసింది రాస్తున్నా.

ముందు మొదటి మూడు రోజుల సంగతి. బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలి, సిజేరియన్ అయినా సరే, ఎక్కువమందికి మత్తు నడుం కిందకే ఇస్తారు కాబట్టి మెలకువగానే ఉంటాం, పక్కన ఒక మనిషి బిడ్డని పట్టుకుంటే చాలు. అప్పుడొచ్చేవి ముర్రుపాలు, చిక్కగా పసుప్పచ్చగా చుక్కలు చుక్కలుగా వస్తాయి. ఈ చుక్కలు ఏ మూలకి అనిపిస్తుంది కదా, కానీ మొదటి రోజు బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేదే 5–7 ఎం.ఎల్., అంటే ఒక టీస్పూను పైన కొంచెం. రోగాలు రాకుండా కాపాడే యాంటీబాడీలు ఎక్కువుండేది ఈ పాలల్లోనే. పూర్వం కొన్ని ఇళ్లల్లో ఇవి మంచివి కావని పిండి పారబోయించేవాళ్లు. గేదె ఈనితే జున్నుపాల కోసం గిన్నె పట్టుకుని నాలుగిళ్లు తిరుగుతాం, మన పిల్లల జున్నుపాలు మాత్రం పారబోస్తామా!

ఇంకోటి, బిడ్డ నాలిక మీద తేనె రాయడం, పంచదార నీళ్లు, ఆముదం, గ్రైప్ వాటర్, వీధిలో అమ్మొచ్చే గాడిద పాలు, ఇవేవీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా అస్సలు ముట్టించొద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు, రోహిణీ కార్తెలో పుట్టిన పిల్లకైనా సరే, తల్లిపాలల్లో 87 శాతం పైగా ఉండేది నీళ్లే. విటమిన్ డి చుక్కలు మాత్రం డాక్టర్ రాస్తే వెయ్యాలి, మామూలుగా రోజుకి 400 ఐయూ చొప్పున రాస్తారు.

ఇక అసలు విషయం, రొమ్ము పట్టడం. డాక్టర్లు లాచ్ అంటారు. ఇది కుదిరితే సగం కష్టాలు పోతాయి, కుదరకపోతే నొప్పి, పుళ్లు, బిడ్డకి ఆకలి, మనకి ఏడుపు, అన్నీ వరసగా వస్తాయి. నేను మొదట్లో చేసిన తప్పేంటంటే బిడ్డ మీదకి వంగిపోయి చనుమొనని వాడి నోట్లో కుక్కేదాన్ని. అలా కాదు. వీపుకి దిండు పెట్టుకుని వెనక్కి ఆనుకుని కూర్చోండి, ఒళ్లో ఇంకో దిండు పెట్టుకుని బిడ్డనే రొమ్ము ఎత్తుకి తెచ్చుకోండి. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనుకోవాలి, చెవి భుజం తుంటి ఒకే వరసలో ఉండాలి, మెడ పక్కకి తిప్పి తాగాల్సొస్తే మనమైనా గుక్క మింగలేం కదా. బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా పెట్టి, చనుమొనని పై పెదవికి మెల్లగా తాకించండి, ఆవలించినంత పెద్దగా నోరు తెరుస్తుంది చూడండి, అప్పుడు టక్కున దగ్గరకి లాక్కోవాలి. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా చాలామటుకు నోట్లోకి వెళ్లాలి, కింద వైపుది ఎక్కువ, పై వైపుది కొంచెం కనపడినా పర్లేదు. గడ్డం రొమ్ముకి ఆని, కింది పెదవి బయటకి తిరిగి ఉండి, గుటక వేస్తున్న చప్పుడు వినపడితే కుదిరినట్టే. బుగ్గలు లోపలికి సొట్ట పడుతున్నా, చప్ చప్ మని శబ్దం వస్తున్నా, మీకు ప్రాణం పోయేంత నొప్పిగా ఉన్నా కుదర్లేదని అర్థం. అప్పుడు లాగెయ్యకండి, చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెడితే పట్టు వదిలేస్తుంది, మళ్లీ మొదట్నుంచి. పది సార్లు చెయ్యాల్సొచ్చినా చెయ్యండి. సిజేరియన్ వాళ్లకి పొట్ట మీద బరువు పడకుండా బిడ్డని చంక కింద పెట్టుకుని, కాళ్లు మన వీపు వైపు ఉండేలా పట్టుకోవడమో, పక్కకి తిరిగి పడుకుని ఇవ్వడమో హాయి. పడుకుని ఇచ్చేటప్పుడు మీకు కునుకు పట్టేలా ఉంటే పక్కనోళ్లకి చెప్పి ఉంచండి.

రోజుకి ఎన్నిసార్లు అంటే, 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్లతో కలిపి. గడియారం చూసి కాదు, బిడ్డని చూసి ఇవ్వాలి. తల అటూ ఇటూ తిప్పి వెతకడం, చెయ్యి నోట్లో పెట్టుకోవడం ఇవి ఆకలి గుర్తులు, ఏడుపు ఆఖరిది, ఏడ్చే బిడ్డకి రొమ్ము పట్టించడం కూడా కష్టమే. మొదటి వారాల్లో మూడు గంటలు దాటి పడుకుంటే లేపి మరీ ఇవ్వండి. తాగేకొద్దీ ఊరతాయి, పాల లెక్క అంతే. ఒక పూట డబ్బా పాలు పట్టామంటే ఆ పూట రొమ్ము ఖాళీ అవ్వలేదు, శరీరం "ఓహో, ఇంత చాలన్నమాట" అనుకుని తగ్గించేస్తుంది. నాకు మొదటి కాన్పులో జరిగింది ఇదే. అలాగని డాక్టర్ బరువు చూసి, షుగర్ చూసి డబ్బా పాలు తప్పదంటే పట్టండి, అందులో తప్పేం లేదు, నా కోపమంతా అడక్కుండా పట్టేసేవాళ్ల మీదే.

సాయంత్రం అయ్యేసరికి కొందరు పిల్లలు గంటకోసారి తాగుతూనే ఉంటారు, వదిలితే గొడవ. ఇంట్లో వాళ్లు దిష్టి తీస్తారు, తియ్యనివ్వండి, ఎర్రనీళ్లతో వచ్చే నష్టం ఏమీ లేదు, మీరు మాత్రం రొమ్ము ఇస్తూనే ఉండండి.

మరి చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? పిండి చూస్తే తెలీదు, రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టీ తెలీదు. ఉచ్చ గుడ్డలు లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరుగుతూ అయిదో రోజు నుంచి రోజుకి ఆరుకి తగ్గకుండా తడవాలి. దొడ్డికి మొదట నల్లగా జిగురుగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకి ఆవపిండి ముద్దలా పసుప్పచ్చగా మారాలి. మొదటి రోజుల్లో పుట్టిన బరువులో 7 శాతం దాకా తగ్గడం మామూలే, 10 దగ్గరకొస్తే డాక్టర్ చూడాలి, రెండు వారాలకల్లా మళ్లీ పుట్టిన బరువుకి రావాలి. మా అమ్మ గోడ మీద క్యాలెండర్లో గీతలు పెట్టేది, చుట్టాలు ఎవరైనా నోరు తెరిస్తే ఆ గీతలు చూపించేదాన్ని. మీ ఇంటికి ఆశా కార్యకర్త వస్తే బరువు చూడమని అడగండి, హాస్పిటల్ కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకి వాళ్లు రావాలి.

పథ్యం గురించి చెప్పకపోతే మన ఊళ్లో ఒప్పుకోరు. వెల్లుల్లి కారం, మునగాకు, మెంతులు, నువ్వులు, కోస్తా వైపు పాలసొర చేప పుట్టు, ఇవన్నీ తినండి, బలమైన తిండే. కానీ బాలింతకి మంచినీళ్లు ఇవ్వకపోవడం, పెరుగూ కూరలూ మానిపించి కారప్పొడి అన్నం మాత్రమే పెట్టడం, ఇది నాకు అస్సలు నచ్చదు. పాలిచ్చేటప్పుడు గొంతు ఎండిపోతుంది, పక్కన చెంబు నిండా నీళ్లు పెట్టుకోండి, దాహమైనంత తాగండి. ఏ పొడి తిన్నా బిడ్డ తాగకపోతే పాలు పెరగవు.

మూడో నాలుగో రోజు పాలు పొంగినప్పుడు రొమ్ములు రాయిలా అయిపోయి బిడ్డకి పట్టు దొరకదు. పట్టించే ముందు వేడినీళ్ల గుడ్డ కొంచెంసేపు వేసి చేత్తో కాసిని పిండేస్తే మెత్తబడుతుంది, తాగాక చల్లటి గుడ్డ వెయ్యండి. చనుమొన పగిలితే లాచ్ సరిచేసుకోవడమే అసలు మందు, తాగాక ఒక చుక్క పాలే రాసి ఆరనివ్వండి. ఒకచోట ఎర్రగా గట్టిగా అయి చలి జ్వరం వస్తే డాక్టర్ దగ్గరకెళ్లాలి, చాలామంది ఆ వైపు పాలు మానేస్తారు, అదే తప్పు, ఇస్తూనే ఉండాలి. మీరు ఏవైనా మందులు వాడుతుంటే పాలిస్తున్నానని డాక్టర్‌కి ముందే చెప్పండి.

బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, తాగడం మానేసినా, రోజంతా ఉచ్చ పోయకపోయినా, అరికాళ్ల దాకా పసుపు కనపడినా, ఒళ్లు కాలుతున్నా చల్లబడిపోయినా ఇంటి వైద్యం కట్టిపెట్టి అదే గంటలో హాస్పిటల్‌కి వెళ్లిపోండి.

ఉద్యోగం చేసేవాళ్లకి ఒక్క మాట. ప్రసూతి సెలవుల చట్టానికి 2017లో సవరణ వచ్చాక, ఆ చట్టం కిందకొచ్చే ఆఫీసుల్లో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు, 50 మందో అంతకన్నా ఎక్కువో ఉంటే క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, కూడా ఉండాలి. పిండిన పాలు గదిలో 4 గంటలు, మన మే నెల ఎండల్లో అంతసేపు కూడా ఉంచకండి, ఫ్రిజ్‌లో వెనకాల వైపు 4 రోజులు. స్టవ్ మీదో మైక్రోవేవ్‌లోనో కాకుండా వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చెయ్యాలి. పట్టడానికి సీసా ఎందుకు, సీసాకి అలవాటైన పిల్లలు కొందరు రొమ్ము పట్టరు, పైగా శుభ్రం చెయ్యడం నరకం. మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె అటక మీద పడుంటే దింపి చింతపండుతో తోమి, ప్రతిసారీ మరిగించిన నీళ్లల్లో వేసి, దాంతోనే కొంచెం కొంచెంగా పట్టాం, నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా మా రెండోది దాంతోనే తాగింది.