కాంటినెంటల్ జీటీ మీద కోనసీమ నుంచి నేపాల్ దాకా వెళ్లడం ఎలా?

మాది అమలాపురం పక్కన. మా వైపు గంటసేపు బండి నడిపినా ఎత్తు అనేది కనబడదు, ఎత్తంటే మాకు ఏటిగట్టే. అలాంటి చోట నుంచి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 వేసుకుని నేపాల్ వెళ్తానంటే "ముందుకు వంగి నడిపే బండి అది, అంత దూరం నడుం ఉంటుందా" అని అడిగినవాళ్లే ఎక్కువ. ఉంటుంది. చూడ్డానికి 1960ల నాటి కేఫ్ రేసర్‌లా (రేసు బండిలా ముందుకు వంగి నడిపే పాతకాలం తరహా) ఉన్నా లోపల ఉన్నది 648 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్, రోజంతా హైవే మీద 90లో పెట్టినా దానికి అలుపు రాదు. అలుపొచ్చేది మనకే. అందుకే ప్రయాణానికి రెండు నెలల ముందు నుంచి ఒళ్లు అలవాటు చేసుకోవడం, సామాను సగానికి తగ్గించడం, ఈ రెండూ చేసినవాళ్లు హాయిగా వెళ్లొస్తారు.

మొదటి పని: ఒంటిని సిద్ధం చేసుకోవాలి

ఈ బండికి హ్యాండిల్ కిందకి, ఫుట్‌రెస్టులు వెనక్కి ఉంటాయి. కొత్తలో బరువంతా మణికట్ల మీద వేసేస్తాం, 50 కిలోమీటర్లకే అరచేతులు తిమ్మిరెక్కుతాయి. మోకాళ్లతో ట్యాంకుని గట్టిగా పట్టండి, పొట్ట బిగించండి, మోచేతులు వదులుగా వంచి ఉంచండి. హ్యాండిల్ మీద వేళ్లు పియానో వాయించగలిగేంత తేలిగ్గా ఉంటే మీరు సరిగ్గా కూర్చున్నట్టు. అయినా నొప్పి తగ్గకపోతే హ్యాండిల్ కాస్త పైకి లేపే ముక్కలు దొరుకుతాయి, కానీ వేయించాక హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి కేబుళ్లు, బ్రేకు పైపు లాగుతున్నాయేమో చూసుకోండి.

వారానికోసారి ఫుల్ లోడుతో రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి రండి. తర్వాత అసలు పరీక్ష మారేడుమిల్లి. గోకవరం, రంపచోడవరం దాటాక మొదలయ్యే అడవి దారి, అక్కడి నుంచి చింతూరు దిగే ఘాట్ రోడ్డు, మన డెల్టా వాళ్లకి ఇంతకంటే మంచి బడి లేదు. నేపాల్లో మొదటిసారి మలుపులు నేర్చుకుందామనుకుంటే పక్కనే లోయ ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకు నొక్కుతూ దిగకుండా గేరు తగ్గించి ఇంజిన్‌తోనే వేగం ఆపడం ఇక్కడే చేతికి రావాలి.

రెండో పని: సామాను

ఈ విషయం నాకు అన్నవరంలో తెలిసింది. కొత్తగా కొన్న సైడు బ్యాగులు వేసుకుని ప్రాక్టీసుగా సత్యదేవుడి దర్శనానికి వెళ్లాను. దర్శనం అయ్యాక కొండ కింద ఆగి ప్రసాదం పొట్లం విప్పుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నా. వంగి చూస్తే కుడివైపు బ్యాగు అడుగు సైలెన్సర్‌కి అతుక్కుపోయి తీర్థాల్లో అమ్మే జీళ్ల పాకంలా సాగుతోంది, లోపలున్న రెయిన్‌కోటు ప్యాంటుకి ఒక కాలు మొత్తం కరిగిపోయింది. జీటీకి రెండువైపులా సైలెన్సర్లు వెనక్కి వచ్చేకొద్దీ పైకి లేస్తాయి. మెత్తటి బ్యాగు ఖాళీగా ఉన్నప్పుడు తగలకపోయినా, నిండాక గుంతల్లో ఊగి తగులుతుంది.

కాబట్టి బ్యాగుని సైలెన్సర్‌కి తగలకుండా ఆపే ఇనుప స్టాండు లేకుండా సైడు బ్యాగులు వద్దు. నా మాట వింటే అసలు సైడు బ్యాగులే వద్దు: వెనక సీటు మీద అడ్డంగా 40 లీటర్ల నీళ్లు దూరని బ్యాగు ఒకటి, ట్యాంకు మీద చిన్నది ఒకటి చాలు. రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు, మందులు, పనిముట్లు, అంతే. (అమ్మ ఆత్రేయపురం పూతరేకులు రెండు డబ్బాలు ఇస్తుంది, వాటికి కాస్త చోటు ఉంచండి, భువనేశ్వర్ దాటితే ఎలాగూ మిగలవు.)

మూడో పని: కాగితాలు

నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ ఉండాలి, ఆధార్‌ని నమ్ముకోకండి. మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. ఆర్సీ మీ పేరు మీద ఉంటే టెన్షన్ లేదు, నాన్న పేరు మీదో అన్నయ్య పేరు మీదో ఉంటే వాళ్ల దగ్గర సంతకంతో అనుమతి పత్రం రాయించుకోండి.

చాలామంది మర్చిపోయేది ఇన్సూరెన్సు. మన పాలసీ మామూలుగా దేశం సరిహద్దు దాకే. కొంచెం అదనపు ప్రీమియం కడితే నేపాల్, భూటాన్ లాంటి పొరుగు దేశాలకి కూడా వర్తించేలా దానికి ఒక ఎండార్స్‌మెంట్ (అదనపు కాగితం) జత చేస్తారు, "జియోగ్రాఫికల్ ఎక్స్‌టెన్షన్ కావాలి" అని అడగండి. ఏజెంటుకి తెలియకపోతే బ్రాంచికే వెళ్లండి, వదలొద్దు.

నాలుగో పని: ఎప్పుడు, ఏ దారిన

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానలు, కొండచరియలు. అక్టోబరు, నవంబరు కొండలకి బాగుంటాయి, కానీ అవే మనకి తుఫాను నెలలు. 1996 నవంబరు తుఫాను గురించి ఇంట్లో విని పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వస్తే బయల్దేరడం రెండు రోజులు వాయిదా వేసుకోండి.

రాజమండ్రి నుంచి 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే విశాఖ, ఇచ్ఛాపురం, భువనేశ్వర్, ఖరగ్‌పూర్. అక్కడి నుంచి బర్ధమాన్, ఫరక్కా, మాల్దా, సిలిగురి. ఖాట్మండుకి మొత్తం రెండు వేల కిలోమీటర్ల పైమాటే. రోజుకి 350 నుంచి 400 మించొద్దు. ఫరక్కా బ్యారేజీ మీద లారీలు బారులు తీరతాయి, తెల్లవారుజామున దాటండి. ధవళేశ్వరం చూస్తూ పెరిగినవాళ్లు గేట్ల మీదుగా గంగ దాటుతుంటే ఒక్క నిమిషం ఒళ్లు జలదరిస్తుంది.

ఐదో పని: బండి

ట్యాంకు 12.5 లీటర్లే. 200 కిలోమీటర్లు తిరిగిందంటే బంకు కనబడగానే నింపేయండి. చైన్‌కి 500 కిలోమీటర్లకోసారి ఆయిల్ పట్టించండి, బండి వేడిగా ఉండగా, సాయంత్రం దిగిన చోట, సెంటర్ స్టాండ్ వేసి. అంతర్వేది, యానాం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి వల్ల లింకుల మధ్య ఎర్రగా తుప్పు ఉంటుంది, అలాంటి చైన్ ఉంటే మార్చేసే బయల్దేరండి. స్పోకుల చక్రాలైతే ట్యూబ్ టైర్లు, పంక్చర్ పడితే చక్రం విప్పాలి. రెండు ట్యూబులు, ట్యూబు మార్చే పనిముట్లు, చిన్న పంపు తీసుకుని, ఇంటి దగ్గర ఒకసారి మీ చేత్తో మార్చి చూడండి.

ఆరో పని: సరిహద్దు, కొండలు

సిలిగురి దాటాక మన వైపు చివరి ఊరు పానీటంకీ, మేచి నది వంతెన, అవతల నేపాల్ ఊరు కాకర్‌భిట్ట. అక్కడ భన్సార్ అంటే కస్టమ్స్ ఆఫీసులో బండికి రోజుల లెక్కన డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి. మీరు అనుకున్నదానికి ఒక రోజు ఎక్కువే కట్టండి, ఆలస్యమైతే జరిమానా పడుతుంది. ఆ చీటీ తిరిగొచ్చేటప్పుడు చూపించాలి, ఫోనులో ఫొటో కూడా తీసుకోండి. మన 100 రూపాయలకి వాళ్ల 160 వస్తాయి, వంద నోట్లే ఎక్కువ పట్టుకెళ్లండి. గడియారం 15 నిమిషాలు ముందుకి తిప్పుకోండి.

కాకర్‌భిట్ట నుంచి మైదానంలో పడమరకి వెళ్తే బర్దిబాస్ వస్తుంది. అక్కడి నుంచి ఖాట్మండు దగ్గరున్న ధులిఖేల్‌కి ఎక్కే బీపీ హైవే సన్నగా, మలుపులతో ఈ బండికోసమే వేసినట్టు ఉంటుంది. కానీ 2024 సెప్టెంబరు వరదల్లో రోసీ నది పక్కన చాలాచోట్ల కొట్టుకుపోయింది. బర్దిబాస్‌లో బస్సు డ్రైవర్లని అడిగాకే ఎక్కండి, బాగాలేదంటే హెటౌడా, ముగ్లింగ్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి. మలుపు ముందు హారన్ కొట్టండి, చీకటి పడ్డాక కొండల్లో నడపకండి.

తిరుగు ప్రయాణంలో భువనేశ్వర్ వచ్చేసరికి ఇల్లు పక్కనే ఉన్నట్టుంటుంది, ఒక్క ఊపులో కొట్టేద్దామనిపిస్తుంది. విశాఖలో పడుకోండి. సార్వా కోతల రోజులైతే మన రోడ్ల మీద సగం మేర ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి, రాత్రిపూట అవి లైటుకి కూడా కనబడవు. రావులపాలెం దాటాక ఆ చివరి దారి పగటి వెలుతుర్లో వచ్చేలా చూసుకోండి.