రేసు కారులో మెడ నిలవాలంటే: హాన్స్ వాడే పద్ధతి

కారు గోడను గుద్దుతుంది. బెల్టులు మీ ఛాతీని అక్కడికక్కడే ఆపేస్తాయి. తలను ఆపడానికి మాత్రం మెడ తప్ప ఇంకేమీ లేదు. తల బరువు సుమారు 4.5 కిలోలు, హెల్మెట్ కిలోన్నర అనుకుంటే మొత్తం 6 కిలోలు. 50 జీ (భూమి ఆకర్షణకు 50 రెట్లు) తీవ్రతతో కారు ఆగిపోతే ఆ 6 కిలోలు 300 కిలోల బరువులా మెడను ముందుకు లాగుతాయి. అప్పుడు విరిగేది తరచుగా పుర్రె అడుగు భాగం. 2001 ఫిబ్రవరిలో డేటోనా 500 రేసు చివరి ల్యాప్‌లో అమెరికన్ రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయింది ఈ గాయంతోనే. ఛాతీతో పాటే తలనూ ఆపే పరికరాన్ని అదే ఏడాది అక్టోబరులో అమెరికా కార్ల రేసుల సంస్థ నాస్కార్, 2003లో ఫార్ములా వన్ తప్పనిసరి చేశాయి.

ఆ పరికరం పేరు హెడ్ అండ్ నెక్ రెస్ట్రైంట్. అందరి నోటా నలిగే పేరు హాన్స్. అమెరికాలో బయోమెకానిక్స్ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్, ఆయన బావమరిది వరసైన రేసర్ జిమ్ డౌనింగ్ కలిసి తయారుచేసిన రకం అది. మెడ వెనక నిలబడే కాలర్, దాని నుంచి రెండు కాలర్ బోన్ల మీదుగా ఛాతీ మీదకు దిగే రెండు కాళ్లు, కాలర్ నుంచి హెల్మెట్ రెండు పక్కలకూ వెళ్లే టెథర్ పట్టీలు. నిర్మాణం ఇంతే. భుజం బెల్టులు కాళ్లను ఛాతీకి అదిమిపెడతాయి, టెథర్లు హెల్మెట్‌ను పట్టుకుంటాయి. ఛాతీ ఆగినప్పుడే తలా ఆగుతుంది. బెల్టు కాలు మీద నుంచి జారిందో, పరికరం ఎంత ఖరీదైనదైనా మెడలో వేసుకున్న నగతో సమానం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం బెల్టుల గురించే.

మెడ చుట్టూ చుట్టుకునే నురగ కాలర్ ఈ పని చేయదు. తల బరువును మోసి అలసట తగ్గిస్తుందేమో గానీ, మెడ సాగకుండా ఆపలేదు.

కొనేటప్పుడు

ముందు లేబుల్ చూడండి. రేసు భద్రతా ప్రమాణాలైన ఎస్‌ఎఫ్‌ఐ 38.1 (అమెరికా సంస్థది) గానీ ఎఫ్‌ఐఏ 8858 (అంతర్జాతీయ సంస్థది) గానీ ఉండాలి. మీ క్లబ్బు ఏది ఒప్పుకుంటుందో రూల్ బుక్‌లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఎస్‌ఎఫ్‌ఐ పరీక్షలో బొమ్మను నేరుగానూ, 30 డిగ్రీల వాలుగానూ గుద్దిస్తారు. మెడ మీద లాగుడు 4,000 న్యూటన్లు దాటకూడదు. ఎస్‌ఎఫ్‌ఐ లేబుల్ ఉన్నదాన్ని ఐదేళ్లకోసారి తయారీదారుకు పంపి మళ్లీ ధ్రువీకరించుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు తేదీ చూడకపోతే రేసుకు ముందు జరిగే టెక్ ఇన్‌స్పెక్షన్ (తనిఖీ) దగ్గరే ఆగిపోతారు.

తర్వాతది పరికరం కోణం. నిటారుగా కూర్చునే సెడాన్, జీటీ కార్లకు 20 డిగ్రీలది. వెనక్కి వాలి కూర్చునే సింగిల్ సీటర్లకు 30, బాగా పడుకున్నట్టు ఉండేవాటికి 40. కోణం తప్పితే తల కొంచెం ఎత్తగానే హెల్మెట్ కాలర్‌కు తగులుతుంది, లేదంటే కాలర్ మరీ దూరమైపోయి టెథర్ లాగే దిశ మారిపోతుంది. స్నేహితుడి ఫార్ములా కారు హాన్స్ అప్పు తెచ్చుకుని సెడాన్‌లో వేసుకోవడం ఇందుకే పనికిరాదు.

సైజును మెడ చుట్టుకొలతతో నిర్ణయిస్తారు, తయారీదారు పట్టిక ప్రకారం చూడండి. రేసు సూట్ వేసుకునే ప్రయత్నించాలి. ఇరుకైతే కాలర్ బోన్ నొప్పి పెడుతుంది. నొప్పి ఉన్న డ్రైవర్ ఏం చేస్తాడు? రెండో సెషన్ కల్లా భుజం బెల్టు వదులు చేస్తాడు.

భుజాలకు బదులు ఛాతీ చుట్టూ అదనపు పట్టీతో నిలిచే హైబ్రిడ్ రకాలూ ఉన్నాయి. వాటికి ఈ కింద చెప్పిన కొలతలు అన్నీ వర్తించవు. వాటి పుస్తకం ప్రకారమే వెళ్లండి.

హెల్మెట్

హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ఎస్‌ఏ2015, ఆ తర్వాతి ఎస్‌ఏ ప్రమాణాల హెల్మెట్లలో, టెథర్లు తగిలించే యాంకర్ల కోసం ఎం6 మరచుట్లు ముందే ఉంటాయి. పాత హెల్మెట్‌కు ఇంట్లో డ్రిల్లుతో రంధ్రం వేయడం కుదరదు. షెల్ బలం ఎక్కడ ఎంతో తయారీదారుకే తెలుసు, పైగా రంధ్రం పడగానే సర్టిఫికేషన్ చెల్లదు. యాంకర్ స్క్రూను పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. అంతకు మించి బలం ఉపయోగిస్తే లోపలి మరచుట్టు తిరిగిపోతుంది, ఇక హెల్మెట్ మార్చాల్సిందే. ప్రతి ఈవెంట్ ముందు వేలితో ఊపి చూడండి.

బెల్టులు

హాన్స్ తరహా పరికరం రోడ్డు కారులోని మూడు పాయింట్ల బెల్టుతో పనిచేయదు. ఒక భుజం మీద బెల్టు లేనే లేదు, ఆ కాలును అదిమేది ఎవరు? కనీసం రెండు భుజం బెల్టులూ, నడుము బెల్టూ, తొడల మధ్య పట్టీలూ కావాలి. తొడల మధ్య పట్టీ లేకపోతే, భుజం బెల్టులు బిగించినప్పుడు నడుము బెల్టు పొట్ట మీదకు ఎక్కుతుంది. గుద్దుకున్నప్పుడు శరీరం కింద నుంచి జారిపోతుంది.

భుజం బెల్టుల వెనక యాంకర్లు భుజం ఎత్తుకు సమానంగా గానీ కొంచెం కిందకు గానీ ఉండాలి, 20 డిగ్రీలకు మించి కిందకు దిగకూడదు. మరీ కింద ఉంటే బెల్టు వెన్నెముకను కిందకు నొక్కుతుంది. మరీ పైన ఉంటే కాలు మీద అదుము తగ్గుతుంది. యాంకర్ దగ్గర రెండు బెల్టుల లోపలి అంచుల మధ్య దూరం సుమారు 3 అంగుళాలు. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు: పాత హార్నెస్ బార్‌లో (సీటు వెనక భుజం బెల్టులు కట్టే కడ్డీ) బెల్టులు ఎడంగా ఉంటాయి, కొత్త హాన్స్ కొంటారు, బార్‌ను మార్చరు. బెల్టు బయటకు లాగుతుంది, వాలుగా గుద్దినప్పుడు కాలు మీద నుంచి జారుతుంది. సీటు రంధ్రాలూ చూడండి. రంధ్రాలు ఎడంగా ఉంటే బార్ సరిగ్గా ఉన్నా లాభం లేదు. సీటు వెనక బెల్టు పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. ఎంత పొడవైన బెల్టు అయితే అంత సాగుతుంది.

2 అంగుళాల భుజం బెల్టు హాన్స్ కాలు మీద 3 అంగుళాలదాని కన్నా కుదురుగా కూర్చుంటుంది. అయితే పరికరం కోసమే తయారైన 2 అంగుళాల బెల్టును పరికరం లేకుండా వాడకూడదు. కారును ఇద్దరు పంచుకుంటూ, ఒకరికే హాన్స్ ఉంటే ఈ మాట గుర్తుంచుకోవాలి. బెల్టులకూ గడువు ఉంది: ఎస్‌ఎఫ్‌ఐ 16.1 రకానికి రెండేళ్లు, ఎఫ్‌ఐఏ 8853 రకానికి ఐదేళ్లు.

కూర్చునే క్రమం

1. బయటే హెల్మెట్ పెట్టుకుని, పరికరం వేసుకుని, టెథర్లు తగిలించండి. క్లిక్ శబ్దం విన్నాక ఒక్కోదాన్ని లాగి చూడండి. ఒక్కవైపే తగిలిస్తే తగిలించనట్టే.
2. కారులో వీపు సీటుకు ఆనేలా వెనక్కి కూర్చోండి.
3. నడుము బెల్టును తుంటి ఎముకల మీద, వీలైనంత కింద, గట్టిగా. తర్వాత తొడల మధ్య పట్టీలు.
4. సహాయకుడు ఒక్కో భుజం బెల్టును కాలు మధ్యలో పరవాలి. రేడియో తీగ, నీళ్ల గొట్టం, సూట్ మడత ఏవీ బెల్టుకూ కాలుకూ మధ్య ఉండకూడదు. అడ్జస్టర్ కూడా కాలు మీద పడకూడదు.
5. చివర్లో భుజం బెల్టులు బిగించండి. ఊపిరి వదిలి, మళ్లీ ఒకసారి లాగండి.

నడుము బెల్టు ముందే బిగించడానికి కారణం ఉంది. భుజం బెల్టు ముందు లాగితే బకిల్ పైకి వస్తుంది, నడుము బెల్టు పొట్ట దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు పరీక్ష. మామూలుగా నడిపే భంగిమలో టెథర్లు కొంచెం వదులుగా ఉండాలి. తల ముందుకు వంచగానే రెండూ ఒకేసారి బిగుసుకోవాలి. ఒకటి ముందు బిగుసుకుంటే పరికరం పక్కకు తిరిగి కూర్చుంది, మళ్లీ సర్దండి. ఎడమ, కుడి అద్దాలు కనపడేదాకా తల తిప్పండి. జారే టెథర్ అయితే ఇబ్బంది ఉండదు. తిరగకపోతే టెథర్‌ను మీరు సాగదీయడం గానీ ముడి వేయడం గానీ చేయవద్దు. అద్దాన్ని మార్చండి, లేదా తయారీదారు అమ్మే వేరే పొడవు టెథర్ తెప్పించండి. కాలర్ వెనక భాగం సీటుకు గానీ రోల్ కేజ్‌కు (కారు లోపలి లోహపు చట్రానికి) గానీ తగలకూడదు. కాలర్ వల్ల తల ముందుకు నెట్టుకుపోయినట్టు అనిపిస్తే లోపం సీటులో గానీ కోణంలో గానీ ఉండొచ్చు.

పక్క నుంచి వచ్చే దెబ్బకు ఈ పరికరం పెద్దగా అడ్డు కాదు. దానికి తల రెండు వైపులా రెక్కలున్న సీటు, తల పక్కకు పోకుండా ఆపే సరైన నెట్ (వల) వేరేగా కావాలి.

బయటకు రావడం

బకిల్ తిప్పగానే బెల్టులు పడిపోతాయి, పరికరం హెల్మెట్‌తోనే మీతో బయటకు వస్తుంది. టెథర్లు విప్పే పని లేదు. కిటికీలోంచి దిగే కార్లలో కాలర్ అంచు ఫ్రేమ్‌కు తట్టుకుంటుంది, అందుకే కళ్లు మూసుకుని కొన్నిసార్లు అభ్యాసం చేయండి. టెథర్ విప్పే దారాలు ఎక్కడ ఉన్నాయో మీ సిబ్బందికీ చూపించండి.

శుభ్రం చేయడానికి తేలికపాటి సబ్బు, నీళ్లు చాలు. పెట్రోలు, థిన్నర్ దగ్గరకు రానివ్వద్దు. ఎండ టెథర్ దారాన్ని తినేస్తుంది, కనుక సంచిలో పెట్టండి. రంగు వెలిసినా, దారాలు లేచినా మార్చండి. గట్టిగా గుద్దుకున్న తర్వాత కాలరు, కాళ్లు కలిసే మూల దగ్గర పగులు కంటికి కనిపించకపోవచ్చు. పరికరాన్ని తయారీదారుకు పంపి, టెథర్లు, బెల్టులు, హెల్మెట్ మార్చాకే మళ్లీ ట్రాక్ మీదకు వెళ్లండి.