టిన్నులు గట్టు మీద, దాహం లంకలో: నీళ్లు, పారిశుధ్య సహాయంలో వచ్చే చిక్కులు, వాటికి విరుగుళ్లు

గోదావరి జిల్లాలవాళ్లు నీళ్లు లేవంటే బయటివాళ్లెవరూ నమ్మరు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటిపోయింది. కోనసీమ లంకలన్నీ (గోదావరి నడుమ దీవుల్లాంటి ఊళ్లు) ఎర్రనీటిలో నానుతుంటే ఏటిగట్టు మీద నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నవాళ్లలో నేనొకణ్ని. చుట్టూ సముద్రంలా నీళ్లు, తాగడానికి మాత్రం చుక్క లేదు.

ఆ రోజుల్లో మాకు పనికొచ్చిన లెక్కలు చాలావరకు యుద్ధ ప్రాంతాల శిబిరాల నుంచి వచ్చినవే. 1994లో రువాండా నుంచి పారిపోయి పక్కనే కాంగోలోని (అప్పటి జైర్) గోమా చేరిన శరణార్థుల్లో మొదటి నెలలోనే సుమారు 50 వేలమంది చనిపోయారు. ఎక్కువమందిని తీసుకుపోయింది కలరా, రక్త విరేచనాలే. సాయం చేసే సంస్థలు అక్కడికి బోలెడు వచ్చాయి, కానీ ఎవరి పని వాళ్లది. ఆ దెబ్బ తిన్నాకే, 1997లో, 'స్ఫియర్' పేరుతో కనీస ప్రమాణాలు రాసుకోవడం మొదలైంది. మనకి తుపాకులు లేవు, చెక్‌పోస్టులు లేవు. కానీ దారి తెగిపోవడం, కరెంటు పోవడం, ఊరు ఊరంతా వెళ్లి ఓ బడిలో పడుకోవడం ఇక్కడా అంతే. అందుకే ఈ చిక్కుల్ని రెండు చోట్లా పెట్టి చూస్తున్నాను.

"గట్టు దగ్గర టిన్నులు గుట్టలు పడున్నాయి. లంకలో ఎవరికీ అందలేదు."

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే. నీళ్లు తక్కువై ఇలా జరగదు. తెచ్చినవాళ్లంతా దారి తెలిసిన లంకకో, టీవీలో పేరొచ్చిన లంకకో వెళ్లిపోతారు. ఒకరోజు మధ్యాహ్నంలోపు ఒకే లంకకి మూడు పడవల వాటర్ ప్యాకెట్లు వెళ్లాయి. పాయకి అవతలి లంకకి ఒక్కటీ వెళ్లలేదు. ఎవరిని అడిగినా "ఆయ్, పంపించేశామండి" అన్నారు. అబద్ధం కాదు, నిజంగానే పంపించారు. చేరిందా అని అడిగినవాడు లేడు.

విరుగుడు ఒకే పుస్తకం. ఎవరు, ఏం, ఎక్కడికి, ఎప్పుడు అని నాలుగు గడులు. యుద్ధ ప్రాంతాల్లో నడిచేదీ ఇదే పట్టిక. 2005లో ఐక్యరాజ్య సమితి సహాయ పనుల్ని రంగాలవారీగా విడగొట్టి, నీళ్లు, పారిశుధ్యం సమన్వయాన్ని యునిసెఫ్‌కి అప్పగించింది. అప్పటినుంచి ఎన్ని యాప్‌లు వచ్చినా అడుగున ఉన్నది ఈ నాలుగు గడులే. మేం ఐదోది ఒకటి చేర్చాం: అవతలి ఒడ్డున అందుకున్నదెవరు. ఆ గడిలో పేరు పడేదాకా ఆ పడవ చేరనట్టే లెక్క.

పుస్తకం సచివాలయంలోనో, పంటు రేవులోనో ఒకే చోట ఉండాలి. పెద్దమనిషి పంచాయతీ కార్యదర్శో, ఎంపీడీవోనో అయితే మేలు. యుద్ధం జరిగే చోట ప్రభుత్వమే ఒక పక్షం అయిపోవచ్చు కాబట్టి సంస్థలు దూరం పాటిస్తాయి. ఇక్కడ ఆ అవసరం లేదు. గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఇంజనీరుకి చెప్పకుండా మనమే సొంత కుంపటి పెట్టుకుంటే మూడో రోజుకి రెండు జాబితాలు, రెండు గొడవలు. సాయంత్రం ఆరింటికి పదిహేను నిమిషాలు కలవండి, నిలబడే మాట్లాడండి. కుర్చీలు వేస్తే గంట పడుతుంది.

ఇంకో లెక్క. మనిషికి తాగడానికి, వంటకి, ఒంటికి కలిపి రోజుకి 15 లీటర్లు కనీసం. 400 మంది ఉన్న లంకకి 6,000 లీటర్లు. ఒక్క తాగడానికే మనిషికి మూడు లీటర్లు వేసుకున్నా 1,200 లీటర్లు, అంటే పావు లీటరు ప్యాకెట్లు 4,800. ఏ నాటుపడవ మోస్తుంది? మొదటి రెండు రోజులు ప్యాకెట్లు సరే. ఆ తర్వాత పడవెక్కాల్సినవి పటిక, క్లోరిన్, మూతలున్న టిన్నులు. నీళ్లు అక్కడే ఉన్నాయి, శుభ్రం చేసే సరంజామా పంపితే చాలు.

"బ్లీచింగ్ వేశాం. అయినా విరేచనాలు ఆగడం లేదు."

దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ప్రాణం పోయేది ఇక్కడే.

మొదటి అనుమానం బురద మీద. ఎర్రనీటిలో మట్టి, చెత్త క్లోరిన్‌ని మింగేస్తాయి, క్రిములకి మిగలదు. గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూస్తే అవతల వేళ్లు మసగ్గా కనబడుతున్నాయంటే ముందు పటిక పట్టాలి. మా అమ్మ ఇత్తడి బిందెలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి వదిలేసేది, తెల్లారేసరికి అడుగున ఎర్ర ఒండ్రు దిగేది. చేయాల్సింది అదే, డ్రమ్ముల్లో. తేరాక పైనీళ్లు మరో డ్రమ్ములోకి వంచుకుని అప్పుడు క్లోరిన్.

రెండో అనుమానం బస్తా మీద. తాజా బ్లీచింగ్‌లో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పి పంచాయతీ ఆఫీసు మూల పడేసిన బస్తాలో, వానాకాలం చెమ్మకి, ఉత్త సున్నం మిగులుతుంది. ఒకసారి అలాంటి బస్తాలో చెయ్యి పెట్టి చూశాను. గడ్డకట్టి ఉంది, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేదు. అదే బస్తాతో రెండు రోజులు ట్యాంకులన్నీ 'శుద్ధి' చేశారు. విప్పిన రోజు తారీఖు బస్తా మీద రాయండి.

మూడోది మోతాదు. "ట్యాంకుకి ఒక దోసెడు" అనేది మోతాదు కాదు. బక్కెట్ల పద్ధతి ఎవరైనా చేయొచ్చు. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ 40 గ్రాములు లీటరు నీళ్లలో కలిపి, తేరాక పై ద్రావణం తీసుకోండి. అది ఒక శాతం ద్రావణం. శుద్ధి చేయాల్సిన నీళ్లని, 20 లీటర్ల చొప్పున, నాలుగు ప్లాస్టిక్ బక్కెట్లలో నింపి, ఆ ద్రావణాన్ని ఇంజక్షన్ సిరంజితో వరుసగా 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్లు వేసి కలపండి. అరగంట ఆగండి. ఇప్పుడు క్లోరోస్కోప్‌తో (నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని రంగుతో చూపే చిన్న కిట్) చూస్తే లీటరుకి 0.5 మిల్లీగ్రాముల దగ్గర ఏ బక్కెట్ ఉందో తెలుస్తుంది. 2 మిల్లీలీటర్లు వేసిన బక్కెట్ అయితే వెయ్యి లీటర్లకి 100 మిల్లీలీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్‌కి అర లీటరు. నాలుగింట్లోనూ పసుపు రంగు రాలేదంటే నీళ్లలో మట్టయినా ఎక్కువుంది, బ్లీచింగైనా చచ్చిపోయింది. వెనక్కి వెళ్లండి.

నాలుగోది చాలామంది చూడనిది. పరీక్ష ట్యాంకు దగ్గర చేసి సంతృప్తి పడిపోతాం. నీళ్లు కొళాయి నుంచి బిందెలోకి, బిందె నుంచి గ్లాసులోకి, గ్లాసుతో పాటు వేళ్లు బిందెలోకి వెళ్తాయి. దక్షిణ సూడాన్ శరణార్థి శిబిరాల్లో చూసినప్పుడు కొళాయి దగ్గర సరిపోయిన క్లోరిన్ కొన్ని గంటలకి ఇళ్లలో మిగల్లేదు. అందుకని క్లోరోస్కోప్ పట్టుకుని ఇంటికెళ్లండి. "అమ్మా, మీరు తాగే నీళ్లు ఓ గ్లాసు ఇవ్వండి" అని అడిగి, పొద్దున పట్టిన నీళ్లని సాయంత్రం చూడండి. 0.2 కన్నా తగ్గితే మూలం దగ్గర కొంచెం పెంచాలి. పిడి ఉన్న చెంబో, కొళాయి బిగించిన టిన్నో ఇస్తే ఇంకా మంచిది. సబ్బు మనిషికి నెలకి పావు కిలో లెక్క. బిస్కెట్లు పంపేవాళ్లు సబ్బు మర్చిపోతారు.

ఇక సమన్వయం ముక్క. విరేచనాల లెక్క ఏఎన్ఎం రిజిస్టర్లో, నీళ్ల లెక్క మన పుస్తకంలో ఉంటాయి. రెండూ ఒకదాని ముఖం ఒకటి చూడవు. ఆశా వర్కర్‌ని ఒక్కటే అడగండి, రోగి పేరు పక్కన ఏ నీళ్లు తాగారో రాయమని. మూడు రోజుల పేర్లు చూస్తే ఏ బోరింగు దగ్గర తేడా ఉందో దానంతటదే బయటపడుతుంది.

(క్లోరిన్ గురించి చిన్న పక్కమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర సైనికుల మీద వదిలిన విషవాయువూ ఇదే. అందుకే కొన్ని యుద్ధ ప్రాంతాల్లో నీటి శుద్ధికి తెచ్చే క్లోరిన్ కూడా అనుమతుల దగ్గర ఆగిపోతుంది. మనకి ఆగేది గోడౌన్ తాళం దగ్గర. తాళం చెవి ఎవరి దగ్గరుందో పుస్తకం మొదటి పేజీలో ఉండాలి.)

"ట్యాంకు బాగానే ఉంది, మోటారు ఆడటం లేదు."

ట్రాన్స్‌ఫార్మర్ మునిగింది లేదా ముందుజాగ్రత్తగా లైను ఆపేశారు. జనరేటర్ తెప్పిస్తాం, డీజిల్ మర్చిపోతాం. డీజిల్ వస్తుంది, మోటారు నడిపే మనిషి అవతలి ఒడ్డున ఇరుక్కుంటాడు. యెమెన్‌లో, గాజాలో జనం నీళ్లకి అల్లాడింది చాలాసార్లు ఇంధనం దగ్గరే, పంపులు ఉండి కూడా. తాగునీటి కట్టడాల మీద దాడి కూడదని 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందంలోని 54వ అధికరణం చెబుతుంది. పాటించేదెంతో మనం చూస్తూనే ఉన్నాం. మన దగ్గర చేయాల్సింది చిన్న పని: రెండో హెచ్చరిక ఎగరేసిన రోజే ఆపరేటర్‌ని, మూడు రోజుల డీజిల్‌ని ట్యాంకు ఉన్న ఒడ్డుకి చేర్చండి. కనకాయలంక లాంటి కాజ్‌వేలు మునిగాక బతిమాలుకున్నా లాభం లేదు.

"మరుగుదొడ్లు పెట్టించాం, ఎవరూ వెళ్లడం లేదు."

పునరావాస కేంద్రంగా మార్చిన ఒక బడిలో చూశాను. వెనక ప్రహరీ పక్కన ఆరు తాత్కాలిక దొడ్లు. పగలే ఖాళీ. ఒక పెద్దావిడ పక్కన కూర్చుని కాసేపు మాట్లాడితే విషయం బయటపడింది. "మజ్జిగ కూడా తాగట్లేదు బాబూ, మళ్లీ రాత్రి లేవాలి కదా" అంది. దీపం లేదు. లోపల గడియ లేదు. దారిలో మగపిల్లలు పేకాడుకుంటున్నారు. నీళ్ల కొరతని లీటర్లలో కొలిచాం గానీ, నీళ్లుండీ తాగకుండా ఉన్నవాళ్లు మా పుస్తకంలో ఎక్కడా లేరు.

స్ఫియర్ లెక్క ప్రకారం దొడ్లు మొదట్లో 50 మందికి ఒకటి, కుదురుకున్నాక 20 మందికి ఒకటి, ఆడవాళ్లకి మూడుంటే మగవాళ్లకి ఒకటి, పడుకునే చోటికి 50 మీటర్లలోపు. ఆ అంకెల కంటే ముందు కావాల్సినవి ఆ రోజు రాత్రికే గడియ, సోలార్ దీపం, వేరే దారి, చెత్తబుట్ట. ఎక్కడ పెట్టాలో ఆడవాళ్లని ముందే అడిగితే మళ్లీ పీకి పెట్టే పని ఉండదు. నెలసరి గుడ్డలు, ప్యాడ్ల గురించి మగ వాలంటీర్లు అడగలేరు, అడగాల్సిన పనీ లేదు. డ్వాక్రా సంఘం లీడర్‌కి అప్పగించండి.

గుంత తవ్వే ముందు డెల్టా సంగతి గుర్తుంచుకోవాలి. గుంత అడుగు భూగర్భ జలానికి కనీసం ఒకటిన్నర మీటరు పైన, నీటి వనరుకి 30 మీటర్ల దూరంలో ఉండాలంటారు. ఆగస్టులో కోనసీమలో గునపం దింపితే మూడు అడుగులకే నీరు ఊరుతుంది. కాబట్టి గుంతలు వద్దు. ఎత్తుగా కట్టిన దిమ్మె మీద, కింద డ్రమ్మో, సింటెక్స్ ట్యాంకో పెట్టి, నిండగానే లాగించాలి. లాగిన బండి ఎక్కడ వంపుతోందో మాత్రం ఎవరో ఒకరు వెంట వెళ్లి చూడండి. పంట కాలవలో వంపితే, అదే కాలవ దిగువ ఊరి మంచినీటి చెరువుని నింపుతుంది.

"కొళాయి దగ్గర రోజూ కొట్లాటే."

ఒక కొళాయికి 250 మంది, బోరింగుకి 500 మంది దాటితే ఎక్కడైనా కొట్లాటే. అరగంట మించి లైనులో నిలబెట్టకూడదు. లెక్క సరిపోయినా గొడవ ఆగలేదంటే పంచేవాడు ఫలానా పార్టీవాడనో, ఫలానా పేట వైపువాడనో అనుమానం ఉంది. జాబితా పైకి చదివి గోడకి అంటించండి. ట్యాంకు మీద ఎవరి ఫొటో వద్దు. యుద్ధంలో సంస్థలు తటస్థంగా ఉండేది తుపాకీకి భయపడి, ఇక్కడ మాటకి భయపడైనా ఉండాలి.

"వరద తీసింది. నుయ్యి నీళ్లు వాసనొస్తున్నాయి, ఉప్పగా ఉన్నాయి."

వాసనకి, ఉప్పుకి మందు ఒకటి కాదు. మురికికి తోడటం, కడగడం, క్లోరిన్. మునిగిన బోరింగైతే నీళ్లు తేటపడేదాకా కొట్టి, క్లోరిన్ పోసి, ఒక రాత్రి వాడకుండా వదిలి, ఘాటు తగ్గేదాకా మళ్లీ కొట్టాలి. ఉప్పు మాత్రం ఎంత బ్లీచింగ్ వేసినా పోదు.

ఇక్కడ ఉత్సాహం చెరుపు చేస్తుంది. ఇంజను పెట్టి ఒకేసారి అడుగంటా తోడేస్తే చుట్టూ నానిన నేల ఒత్తిడికి వరలు లోపలికి కూలిపోతాయి. సముద్రం పక్క ఊళ్లలో, అల్లవరం, సఖినేటిపల్లి వైపు, గట్టిగా తోడితే కింద ఉన్న ఉప్పునీరు పైకి లేస్తుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తీరంలో బావులు ఇలాగే పాడయ్యాయి. కొంచెం తోడి, ఊరనిచ్చి, మర్నాడు మళ్లీ తోడండి. అన్నాళ్లూ ట్యాంకర్ రావాల్సిందే. ఆ ఊరి పేరు పుస్తకంలో కొట్టేయకండి.