కర్నూలు ఎండకు తెల్లబారిన పగడాన్ని మళ్లీ రంగుకు తెచ్చుకోవడం

కర్నూలులో ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేయడం నా పని. ఇంట్లో కడప బండ మీద 180 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నాను. అందులో చేపలతో పాటు ఒక లెదర్ కోరల్ (తోలులాంటి ఒళ్లు, పైన టోపీలాంటి భాగం ఉండే మెత్తటి పగడం), ఏడు మష్రూమ్ పగడాలు (పుట్టగొడుగుల్లాంటి మెత్తటివి). పగడాలంటే ప్రాణమున్న సముద్రపు జీవులే. మే నెలలో ఆదోనిలో పెళ్లికి పోయి మూడు రోజులకు తిరిగొచ్చేసరికి లెదర్ కోరల్ పాలమీగడ రంగుకు తిరిగింది. మష్రూములు వెనక రాయి కనపడేంత పలచబడినాయి. మా అవ్వ చూసి "సచ్చిపోయిందా నాయనా" అన్నది.

సావలేదు. ముందు మీరూ ఇదే తేల్చుకోండి. సిరంజితో నీళ్లు మెల్లగా దాని మీదికి చిమ్మండి. ముడుచుకుంటే ప్రాణం ఉన్నట్టే. ఒళ్లు జిగురుగా కరిగి, నల్ల మచ్చలు పడి, కుళ్లు వాసన వస్తే ఆ భాగం పోయినట్టు. దాన్ని వెంటనే కోసి తీసేయాలి, లేకపోతే మిగతా నీళ్లను చెడగొడుతుంది. ఇంకో మాట. లెదర్ కోరల్ అప్పుడప్పుడు ముడుచుకొని, మైనం పూసినట్టు మెరిసి, కొన్ని రోజులకు పలచని పొర వదులుతుంది. అది దానికి మామూలే. అది చూసి కంగారుపడి ట్యాంకును కెలకొద్దు.

తెల్లబారడం అంటే ఏంటి? పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు బతుకుతుంది, జూజాంతెల్లే అంటారు. వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం అదే ఇస్తుంది, రంగూ చాలావరకు దానిదే. నీళ్లు వేడెక్కి పైన గట్టి వెలుతురు పడితే ఆ నాచు లోపలి పని అదుపు తప్పి, పగడాన్ని గాయపరిచే రకం ఆక్సిజన్ పుడుతుంది. పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. సముద్రంలోనూ ఇదే జరుగుతుంది. 2024 ఎండాకాలంలో లక్షద్వీప్ పగడాలు ఇట్లే తెల్లబడినాయి. కాబట్టి తెల్లగా ఉన్న పగడం బతికే ఉంది, కానీ ఆకలితో ఉంది. మనం ఏం చేసినా ఆ ఆకలిని గుర్తుపెట్టుకొని చేయాలి.

ఇంటికొచ్చిన రోజు నా ట్యాంకు వేడి 31.5 డిగ్రీలు. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు) ఉండాల్సింది 38 చూపించింది. నేను నేర్చుకున్నదంతా ఈ ఉప్పు అంకెలోనే ఉంది.

మన గాలి పొడి గాలి. నీళ్ల మీదికి ఏటవాలుగా ఫ్యాను తిప్పితే నీళ్లు ఆవిరై, ఎండాకాలంలో కూడా మూడు నాలుగు డిగ్రీలు దిగుతాయి. చిల్లరు (ట్యాంకు నీళ్లను చల్లబరిచే యంత్రం) కొనే స్తోమత లేనివాళ్లకు ఇది మంచి దారి. కానీ ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. నా ట్యాంకులో మే నెలలో రోజుకు ఐదు లీటర్లు దిగుతాయి. నేను లేని మూడు రోజులూ నీళ్లు పోసేవాళ్లు లేరు. మూడో రోజు కరెంటు పోయి ఫ్యాన్లు ఆగినాయి. ఉప్పు దెబ్బ, వేడి దెబ్బ కలిసి పడినాయి.

అందుకని తగ్గిన నీళ్లకు బదులు మంచినీళ్లే పోయాలి, ఉప్పు కలిపినవి కాదు. మంచినీళ్లంటే బోరు నీళ్లు కావు, వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు కూడా కావు. క్యాను నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, ఎంతోకొంత మిగిలే ఉంటుంది. ఆర్వో ఫిల్టరు తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ గుండా పోనిచ్చి, టీడీఎస్ మీటరులో సున్నా చూశాకే పోస్తాను. పెరిగిన ఉప్పును ఒక్కసారిగా దించకూడదు, రోజుకు ఒక పీపీటీ చాలు. మందుల షాపులో సెలైన్ గొట్టం కొని, పైన బకెట్టు పెట్టి చుక్కచుక్కగా వదిలాను. 35కు రావడానికి మూడు రోజులు పట్టింది. వేడిని కూడా రెండు రోజుల్లో మెల్లగా 26కు దించాను. అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి, ఒక్కొక్కటే తేలేసినా. ఐసు ముక్కలు నేరుగా వేయొద్దు.

ఫ్యాన్ల గురించి మెకానిక్‌గా రెండు సంగతులు. కంప్యూటర్లలో వాడే 12 వోల్టుల ఫ్యాన్లు తీసుకుంటే బ్యాటరీ మీద నేరుగా తిరుగుతాయి, కరెంటు పోయినా ఆగవు. వాటికి కూల్‌డ్రింక్ ఫ్రిజ్జుల్లో ఉండేలాంటి టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి, 26.5 దగ్గర ఆన్, 25.5 దగ్గర ఆఫ్ అయ్యేట్టు అమర్చాను. రెండోది, ట్యాంకున్న గదిలో ఎయిర్ కూలరు పెట్టొద్దు. కూలరు గాలిని తేమ చేస్తుంది, తేమ గాలిలో ట్యాంకు నీళ్లు అంతగా ఆవిరి కావు, ఇక ఫ్యాను తిరిగినా లాభం తక్కువ. బ్యాటరీ మీద ఒక ఎయిర్ పంపు కూడా ఉంచుకోండి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపలకు ముందు ఊపిరాడదు.

ఇక వెలుతురు. రంగు పోయిందని లైటు పెంచితే మిగిలిన కాస్త నాచు కూడా పోతుంది. అట్లని చీకట్లో పెడితే ఆ నాచు మళ్లీ పెరగదు. నర్సరీలో వాడే పచ్చటి షేడ్ నెట్టు ముక్క లైటు కింద రెండు మడతలు కట్టి, రోజుకు ఆరు గంటలే వెలిగించాను. మూడు వారాల తర్వాత ఒక మడత తీసేశాను, ఇంకో నెలకు రెండోది. పగడాన్ని రాయి మీదనుంచి కదిలించలేదు. ప్రవాహం మాత్రం మెల్లగా, ఒకేవైపు గట్టిగా కొట్టకుండా చూసుకోండి.

నీళ్లు మరీ శుభ్రంగా ఉండటం కూడా ముప్పే. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దిగితే కొత్త నాచుకు ఎరువు ఉండదు. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు) మధ్య ఉంచుతాను. అందుకే నురగతో నీళ్లలోని మురికిని లాగేసే స్కిమ్మరును రాత్రిపూట ఆపాను. ఆల్కలినిటీ (నీళ్ల క్షారగుణం) 8 నుంచి 9 డీకేహెచ్ మధ్య ఒకేచోట నిలవాలి. రోజూ మారే మంచి అంకె కంటే నిలకడగా ఉండే మామూలు అంకె మేలు. మష్రూములకు వారానికి రెండుసార్లు, గుడ్ల నుంచి అప్పుడే బయటికొచ్చిన ఆర్టీమియాను (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) సిరంజితో అందించాను. మన రాష్ట్రంలో రొయ్య హేచరీల పుణ్యమా అని ఆ గుడ్లు దొరకడం కష్టం కాదు. లెదర్ కోరల్ అంత పెద్ద తిండి పట్టదు, చేపలకు వేసే తిండిలోంచి కరిగేది, కొంచెం ఫైటోప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మ నాచు) దానికి సరిపోతాయి. రసాయనాలను పీల్చుకునే బొగ్గు, యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి తప్పక పెట్టండి. నొచ్చుకున్న లెదర్ కోరల్ వదిలే రసాయనాలు పక్కవాటికి పడవు. రాగి ఉన్న చేపల మందు మాత్రం ఆ ట్యాంకు దగ్గరికే రానీయొద్దు.

పోయిన వాటి బదులు గట్టి పగడాలు (రాయిలాంటి గూడు కట్టుకునేవి) కొందామని చూడొద్దు. రీఫు (సముద్రంలో పగడపు దిబ్బ) కట్టే పగడాలన్నీ, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. సముద్రంలోంచి పీకినదాన్ని మన గాజుపెట్టెలో పెట్టుకోవడం నాకు మనసొప్పదు కూడా.

నా ట్యాంకులో నాలుగో వారానికి లెదర్ కోరల్ మొదట్లో, రాయికి అంటుకున్నచోట, లేత గోధుమరంగు కనిపించింది. మష్రూములు రెండు పోయినాయి, ఐదు నిలిచినాయి. వినాయకచవితికి ఆ రంగు లెదర్ కోరల్ టోపీ అంచుల దాకా పాకింది. దసరాకు దాని మీది పాలిప్పులన్నీ (చిన్న పువ్వుల్లాంటి నోళ్లు) విచ్చుకున్నాయి. నడిమధ్యలో రూపాయి బిళ్లంత జాగా మాత్రం ఇంకా పలచగానే ఉంది. పొద్దున లైటు వెలగ్గానే మా అవ్వ ముందు అక్కడే చూస్తుంది.