చెస్ బోర్డు కొంటున్నారా? గడిలో నాలుగు బంట్లు పెట్టి చూడండి

చవక చెస్ సెట్లలో గడులు ఇరుకు. గుర్రాన్ని జరపబోతే పక్కనున్న శకటు పడిపోతుంది, అది ఎక్కడుండేదో అని పిల్లల మధ్య గొడవ మొదలు.

షాపులోనే ఒక గడిలో నాలుగు బంట్లు, రెండేసి చొప్పున రెండు వరసల్లో నిలబెట్టండి. గీత దాటకుండా సరిగ్గా పట్టాయంటే ఆ బోర్డుకీ ఆ పావులకీ జోడీ కుదిరినట్టే. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే కొలత కూడా ఇదే: బంటు అడుగు వెడల్పుకి గడి కనీసం రెండింతలు ఉండాలి. ఆన్‌లైన్లో కొంటే గడి 5 నుంచి 6 సెం.మీ., రాజు ఎత్తు 9.5 సెం.మీ. అటూ ఇటూగా ఉందేమో చూసుకోండి. చుట్టి సంచిలో పెట్టుకునే వినైల్ బోర్డు, ప్లాస్టిక్ పావులు చాలు. చెక్కవి అందంగా ఉంటాయి గానీ తొందరేం లేదు. అంచుల్లో అక్షరాలు, అంకెలు మాత్రం ఉండాలి, లేకపోతే పుస్తకం చూసి ఆడటం నరకం.

పుస్తకానికొస్తే, హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల్లో చవగ్గా దొరుకుతాయి. మధ్యలో ఏదో పేజీ తెరవండి. ఎత్తులు, అంటే పావుల కదలికలు, బోర్డు అంచుల్లోని అక్షరం, అంకెతో ‘ఇ4’ (e4) అని ఉంటే తీసుకోండి, ‘పి-కె4’ (P-K4) అని ఉంటే పక్కన పెట్టేయండి. అది పాత పద్ధతి, 1981 నుంచి ఫిడే గుర్తించడం లేదు. పేజీకి ఒకట్రెండు బోర్డు బొమ్మలైనా లేని పుస్తకం కొత్తవాళ్లకి వద్దు.

రైల్లో ఆడుకునే అయస్కాంతం సెట్లకి మాత్రం ఈ బంట్ల లెక్క పనిచేయదు, వాటి కొలతలే వేరు.