తెరిచున్న ఎక్సెల్‌కి కోడ్ తగిలించే ముందు జాగ్రత్తలు

- ఫస్టు సేవ్ కొట్టి ఫైలు కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి, కోడ్ చెరిపినదాన్ని కంట్రోల్ జెడ్ తెచ్చిస్తాదని నమ్ముకోవద్దు.

- టాస్క్ మేనేజర్లో ఎక్సెల్‌లు ఎన్ని నడుస్తాండాయో చూడండి. రెండుంటే గెట్‌యాక్టివ్‌ఆబ్జెక్ట్ (నడుస్తాండే ఎక్సెల్‌ని పట్టిచ్చే కమాండు) మనకి కావాల్సిందే ఇస్తాదని గ్యారంటీ లేదు, కర్నూలు యార్డు ఉల్లిగడ్డల లెక్క అనుకొని పోయి జీతాల షీట్లో రాసి పెడతాది, అందుకే ఫైలు పూర్తి పాత్ ఇచ్చి గెట్‌ఆబ్జెక్ట్‌తో (ఆ ఫైలునే పట్టిచ్చే కమాండు) పట్టుకోవడమే మేలు, యాక్టివ్‌షీట్ (అప్పుడు ముందర తెరిచున్న షీటు) అనేదాన్ని కూడా నమ్మకుండా షీటు పేరు రాయండి.

- సెల్లులో కర్సర్ కొట్టుకుంటా ఉంటే ఎంటరో ఎస్కేపో నొక్కండి, లేకుంటే కోడ్ పంపే కాల్‌ని ఎక్సెల్ రిజెక్ట్ చేస్తాది.

- ఎక్సెల్ అడ్మిన్‌గా, స్క్రిప్టు మామూలుగా ఉంటే దొరకదు. రెండూ ఒకే తీరుగా నడపాల.

- క్విట్ (ఎక్సెల్‌ని మూసేసే కమాండు) మాత్రం రాయొద్దు సామీ! మనం తెరిచింది కాదు కదా, అందులో పనిచేసుకునే అన్న ఊరుకుంటాడా?