సొంత పుస్తకం – అయిదో పాఠం: అచ్చుకిచ్చే ముందు వేయాల్సిన లెక్క

నాలుగో పాఠం చివర రాతప్రతిని 30,000 పదాలకు కుదించమన్నాం. ఆ పని అయ్యాకే ఇది చదవండి. కుదించని రాతప్రతి మీద ఈ లెక్కలు నిలవవు.

ఉదాహరణగా ఒకే పుస్తకాన్ని పట్టుకుని నడుద్దాం. పులివెందుల వైపు చీనీ (బత్తాయి) తోటల సాగు మీద, ఆ పని ఏళ్ల తరబడి చేసిన మనిషి రాస్తున్న పుస్తకం అది. మీది బొప్పాయి సాగైనా, మోటారు రివైండింగ్ అయినా, దస్తావేజుల రాతైనా లెక్క మారదు. అంకెలే మారతాయి.

మొదట పేజీలు. తెలుగు సాంకేతిక పుస్తకాలకు డెమ్మీ 1/8 సైజు బాగా కుదురుతుంది. కోత అయ్యాక 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల పొడవు ఉంటుంది. తెలుగుకు వత్తులు కింద వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి కాబట్టి ఇంగ్లిష్ పుస్తకానికి పెట్టినంత దగ్గరగా వరసలు పెట్టకూడదు. 13 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల వరస ఎడం ఇస్తే కళ్లజోడు పెట్టుకునే రైతు కూడా హాయిగా చదువుతాడు. అప్పుడు పేజీకి సుమారు 210 పదాలు పడతాయి. 30,000 పదాలకు 143 పేజీలు, ముందుమాట, విషయసూచిక, పట్టికలు కలిపితే 160.

ఈ 160 గాలివాటున వచ్చిన అంకె కాదు. డబుల్ డెమ్మీ కాగితం 23×36 అంగుళాలు. దాన్ని మడిస్తే రెండు వైపులా కలిపి 32 పేజీలు వస్తాయి. 160 పేజీలంటే సరిగ్గా 5 కాగితాలు. ఆఫ్‌సెట్‌లో మీ పుస్తకం 163 పేజీలకు తేలిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం (మడిచిన కాగితపు కట్ట) కట్టాలి, దానికి అచ్చు ప్లేట్లు వేయాలి, చివర ఖాళీ పేజీలు మిగలాలి. ఆ మూడు పేజీలూ సాధారణంగా అభినందనల్లోనే దొరుకుతాయి. ముగ్గురు ప్రముఖుల ముందుమాటల్లో ఒకటి తగ్గిస్తే సరి. ఎవరిది తగ్గించాలన్నది మా పరిధిలోది కాదు.

కాగితం లెక్క మీరే వేసుకుని ప్రెస్‌కు వెళ్లండి. 1000 ప్రతులకు 5000 కాగితాలు, అంటే 500 చొప్పున 10 రీములు, తరుగుకు ఇంకో అర రీము. 70 జీఎస్ఎం మ్యాప్‌లిథో ఈ సైజులో రీము 18.7 కిలోలు తూగుతుంది; జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే అంకె, మ్యాప్‌లిథో అంటే పుస్తకాలకు వాడే తెల్ల కాగితం. కొటేషన్‌లో 70 అని రాసి 60 వాడితే రీము 16 కిలోలకు దిగిపోతుంది, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనబడతాయి. కాగితం తూకం అడిగిన రచయితకు ప్రెస్‌లో కాస్త వేరే మర్యాద ఉంటుంది.

పుస్తకం బరువు కూడా ఇప్పుడే చూడాలి, ఎందుకంటే అమ్మకం ఎక్కువగా తపాలాలోనే సాగుతుంది. 160 పేజీలంటే 80 ఆకులు, 169 గ్రాములు. 300 జీఎస్ఎం అట్ట 19 గ్రాములు. మధ్యలో 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్ మీద 8 రంగుల పేజీలు పెడితే 16 గ్రాములు. అన్నీ కలిపి 204. తపాలా శాఖ 2025 మే 1న పుస్తకాల కోసం మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల లోపు పొట్లానికి 20 రూపాయలు, పన్ను అదనం. కవరుతో కలిపినా మనది ఆ లోపే ఉంటుంది. ఇదే కాగితం మీద, రంగుల పేజీలు లేకుండా చూసినా, సుమారు 260 పేజీలు దాటిన పుస్తకం కవరుతో కలిపి ఆ గీత దాటుతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త పేరో ముద్రకుడి పేరో అచ్చై ఉండాలి, ఆ సంగతి మరవకండి.

ఆ 8 రంగుల పేజీలు ఎందుకంటే: చీనీ ఆకులో ఇనుము లోపం, జింకు లోపం రెండింటిలోనూ ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు తిరుగుతుంది. ఆకు సైజును బట్టి, పసుపు తీరును బట్టి తేడా పట్టాలి. నలుపు తెలుపులో పసుపూ లేత పచ్చా ఒకే బూడిద రంగులో పడతాయి. ఆ బొమ్మ చూసి రైతు ఒకటికి బదులు ఇంకోటి పిచికారీ చేస్తాడు. అన్ని బొమ్మలూ రంగుల్లో వేయనక్కర్లేదు. రంగును బట్టి గుర్తుపట్టాల్సినవి మాత్రం ఆ 8 పేజీల్లోకి చేర్చండి. డ్రిప్ పైపుల అమరికలాంటివి ఫొటోల కన్నా గీత బొమ్మల్లోనే బాగా అర్థమవుతాయి. ఫొటో 4.5 అంగుళాల వెడల్పున పడాలంటే అడ్డంగా కనీసం 1350 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత చచ్చిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఇంకొకరి కరపత్రంలోంచి ఫొటో తీసుకుంటే రాతపూర్వక అనుమతి కావాలి. మీ తోటలోనే పొద్దున ఎనిమిదిన్నరకు, ఎండ ముదరకముందు, ఆకు వెనక తెల్ల కాగితం పెట్టి తీసుకోవడం అంతకన్నా సులువు.

ఇక డీటీపీ, అంటే కంప్యూటరులో పేజీలు కట్టే పని. రాయలసీమలో ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే పని జరుగుతోంది. అచ్చుకు ఇబ్బంది లేదు. కానీ అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. రేపు అదే పుస్తకాన్ని ఫోన్‌లో చదివేలా ఇవ్వాలన్నా, ఒక అధ్యాయం వాట్సాప్‌లో పెట్టాలన్నా అక్షరాలు మార్చాలి. మార్చేటప్పుడు వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, ఫాంటు మార్చకుండా వదిలిన ఇంగ్లిష్ మాటలు అర్థం లేని తెలుగుగా మారతాయి. అన్నిటికన్నా ప్రమాదం అంకెలతో. 0.5 గ్రాముల్లో చుక్క ఎగిరిపోతే 05 అవుతుంది, దాన్ని చదివేవాడు 5 అనుకుంటాడు. లీటరు నీటికి పది రెట్ల మందు! కాబట్టి రాతప్రతిని మొదటి నుంచీ యూనికోడ్‌లోనే సిద్ధం చేసుకుని, మండలి లాంటి ఉచిత ఫాంటుతో పేజీలు కట్టే ఆపరేటరును వెతుక్కోవడం మేలు. దొరక్కపోతే అనులో చేయించండి గానీ, చివరి విడత డబ్బు ఇచ్చే రోజున పీడీఎఫ్‌తో పాటు మార్పులకు వీలైన అసలు ఫైలు కూడా తీసుకోండి. రెండో ముద్రణ నాటికి ఆపరేటరు షాపు మార్చేసి ఉంటాడు.

కడప వాళ్లకు ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) సంగతి కొత్తగా చెప్పాలా? సి.పి. బ్రౌన్ దొర ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులకు జీతాలిచ్చి, ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి సరిచూయించాడు. మీకు పండితులు అక్కర్లేదు, ఇద్దరు మనుషులు చాలు. మొదటి ప్రూఫు మీరే చదవండి. రెండోది మీ పుస్తకంలోని పని తెలియని వాళ్లతో చదివించండి, వాళ్లు ఆగిన ప్రతి చోటా పెన్సిలు గీత పెట్టమనండి. మూడోది అంకెలకు మాత్రమే: ఒకరు రాతప్రతిలోంచి మోతాదులు, దూరాలు, తేదీలు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో టిక్కు పెట్టాలి. దీన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చేయండి. అర్థం వెంట పరుగెత్తకుండా కళ్లు అంకె మీదే నిలుస్తాయి.

ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) గురించి క్లుప్తంగా. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. డబ్బు తీసుకుని ఇప్పించేవాళ్లు తమ పేరున ఉన్న సంఖ్యను మీ పుస్తకానికి అంటిస్తే, ఆ సంఖ్య లెక్కలో ప్రచురణకర్త వాళ్లే అవుతారు, మీరు కాదు. అచ్చు ప్రతికి ఒకటి, ఈ-పుస్తకానికి వేరొకటి. అట్ట మీద పడ్డాక సరిచూడండి: 13 అంకెలనూ వరసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడితే మొత్తం 10తో నిశ్శేషంగా భాగించబడాలి. లేదంటే ఎక్కడో అంకె తప్పింది. పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి మీ ఖర్చుతోనే పంపాలి. యర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి ఇచ్చే ప్రతి మాత్రం చట్టం కోసం కాదు, మన తృప్తి కోసం.

ఇప్పుడు అసలు లెక్క. కింది అంకెలు లెక్క తీరు చూపడానికి వేసుకున్నవి. మీ ప్రెస్ కొటేషన్ తెచ్చి వీటి స్థానంలో పెట్టుకోండి, పన్నుతో కలిపా, విడిగానా అని అడిగి మరీ. డీటీపీ, అట్ట డిజైన్, ప్రూఫులకు 15,000 ఎలాగూ అవుతుంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకు, మిషన్ సిద్ధం చేయడానికి 12,000, ఆపైన ప్రతికి 45. డిజిటల్‌లో ప్లేట్లు లేవు, ప్రతికి 85. తేడా 40 రూపాయలు. 12,000ను 40తో భాగిస్తే 300. అంటే 300 ప్రతుల దగ్గర రెండూ సమానం, అంతకన్నా తక్కువైతే డిజిటల్ చవక, ఎక్కువైతే ఆఫ్‌సెట్.

ఆఫ్‌సెట్‌లో 1000 వేస్తే మొత్తం 72,000, ప్రతి 72కే పడుతుంది. 300 వేస్తే 40,500, ప్రతి 135. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 72 చూసి వెయ్యికి ఒప్పుకుంటారు. ఆవిష్కరణ సభలో శాలువాలతో పాటు 200 ప్రతులు ఉచితంగా పోతాయి, 400 అమ్ముడవుతాయి, మిగిలినవి మంచం కింద చెదలకు దాఖలు. 72,000ను అమ్ముడైన 400తో భాగించండి, ప్రతి 180 పడింది. సాగు పుస్తకానికి ఇంకో చిక్కుంది: మందుల మీద నిషేధాలు వస్తాయి, సిఫారసులు మారతాయి. మంచం కిందివి పాతవే కాదు, తప్పుడువి కూడా అయిపోతాయి. మొదటి ముద్రణకు 300 చాలు.

ధరను అన్నిటికన్నా నష్టపు దారి నుంచి మొదలుపెట్టి కట్టండి. 300లో గ్రంథాలయాలకు, సాయం చేసినవాళ్లకు 30 పోతే అమ్మేవి 270. ఒక్కోటి 150 తెస్తేనే పెట్టుబడి తిరిగొస్తుంది. పుస్తకాల షాపు 35 నుంచి 40 శాతం కమిషన్ అడగడం మామూలే. 200 ధర వేసి 40 శాతం ఇస్తే మీకు 120, ప్రతికి 30 నష్టం. 250 వేస్తే సరిగ్గా 150 వస్తుంది. అందుకే అట్ట మీద 250 వేయండి. నేరుగా అడిగిన రైతుకు తపాలా ఖర్చుతో సహా 200కే ఇవ్వండి. తపాలాకు 24, కవరుకు 6 పోయినా 170 మిగులుతుంది. అచ్చు పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేదు.

నేరుగా అడగాలంటే మీ చిరునామా దొరకాలి కదా. మన పుస్తకాల్లో ‘ప్రతులకు’ అనే వరస ఎప్పుడూ రెండో పేజీలో చిన్న అక్షరాల్లో దాక్కుని ఉంటుంది. దాన్ని వెనక అట్ట మీదికి తెండి. పుస్తకం ఊళ్లో చేతులు మారేది ఎక్కువ, ఆ చేతులకు ముందు కనబడేది అట్టే. దాని పక్కనే ఒక క్యూఆర్ కోడ్ వేసి, తప్పొప్పుల పట్టిక ఉన్న పేజీకి కలపండి. దిద్దుబాట్లు మీరే బయటపెడితే నమ్మకం పెరుగుతుంది.

ఆవిష్కరణ తేదీని పంచాంగంలో కాదు, తోటలో చూడండి. చీనీకి జనవరి, ఫిబ్రవరి పూత కావాలంటే డిసెంబరులో నీళ్లు ఆపి చెట్టును బెట్టకు పెడతారు. ఎన్ని రోజులు ఆపాలి, నేలను బట్టి ఎలా మారుతుంది అనే అధ్యాయం రైతుకు నవంబరులో చేతికి రావాలి. మార్చిలో వస్తే ఏడాది ఆలస్యమైనట్టే. వెనక్కి లెక్కపెట్టండి: అచ్చుకు, బైండింగుకు 15 రోజులు, మూడు ప్రూఫులకు నెల, పేజీలు కట్టడానికి మూడు వారాలు. ఆగస్టు చివరకు డీటీపీకి ఇచ్చి, ఐఎస్‌బీఎన్ దరఖాస్తు అప్పుడే పెట్టాలి.

ప్రచారానికి అట్ట బొమ్మ పంపకండి, దాంతో ఎవరికీ పని లేదు. పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చే పట్టిక ఒకటి తీసి, కింద ‘ప్రతులకు’ వరస చేర్చి, రైతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి. ఒక పేజీ ఉచితంగా ఇస్తే పుస్తకం అమ్ముడుపోదేమో అనే భయం వద్దు. తోట పెట్టినవాడికి ఒక్క పట్టికతో సరిపోదు. కడప ఆకాశవాణి వ్యవసాయ విభాగానికి పుస్తకంతో పాటు మూడు ప్రసంగాంశాలు రాసి పంపండి, ఒక్కోటి పది నిమిషాల్లో చెప్పగలిగేది. ప్రసంగంలో ధర చెప్పకూడదు, విషయమే చెప్పాలి. నర్సరీలు, డ్రిప్ డీలర్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల దగ్గర పదేసి ప్రతులు ఉంచవచ్చు, రసీదు రాయించుకుని. మందుల దుకాణంలో కూడా ఉంచవచ్చు గానీ, మీ పుస్తకం పిచికారీలు తగ్గించమని చెబుతుంటే అది బస్తాల వెనక్కి చేరుతుంది.

అభ్యాసం: రెండు ప్రెస్‌ల నుంచి ఒకే వివరాలతో కొటేషన్లు తెండి: డెమ్మీ 1/8, 160 పేజీలు, 70 జీఎస్ఎం, 300 జీఎస్ఎం అట్ట, 8 రంగుల పేజీలు, 300 ప్రతులకు ఒక ధర, 1000కి ఒక ధర. రెండూ సమానమయ్యే ప్రతుల సంఖ్య కట్టండి. రాతప్రతిలోని అంకెలన్నిటికీ విడిగా ఒక జాబితా రాసుకోండి. ఆరో పాఠం ప్రచురణకర్తతో ఒప్పందం మీద. హక్కులు ఎంత కాలానికి అని కాగితం మీద రాయకపోతే కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తుంది, అక్కడి నుంచి మొదలుపెడదాం. ఇప్పటికే ఎవరితోనైనా సంతకం చేసి ఉంటే ఆ కాగితం తీసి దగ్గర పెట్టుకోండి.